మర్చిపోయిన పూట

కెప్టెన్ ఫోన్ చేసేసరికి ఆమె బడి ఆటస్థలంలో ఆడపిల్లల చేత పరుగులు పెట్టిస్తోంది. విజిలు చేత్తో పట్టుకునే ఫోనెత్తింది.

"అక్కా, నీ మోకాళ్ళెలా ఉన్నాయి?" అంది కెప్టెన్, కుశలప్రశ్నల జోలికి పోకుండా.

"ఉన్నాయి. మెట్లెక్కేటప్పుడు పలకరిస్తుంటాయి. ఏం?"

"మన కీపరమ్మాయి బొటనవేలు విరిగింది. రెండో అమ్మాయికి స్పిన్ బంతి ఎటు తిరుగుతుందో ఇంకా అంతుపట్టడం లేదు. సెలెక్టర్లతో కొట్లాడి నీ పేరు చెప్పాను. మూడు మ్యాచులు. వస్తావా?"

విజిలు జారి మెడలోని తాడుకి వేలాడింది. అటుపక్క పిల్లలు ఆపమనేవాళ్ళు లేక ఇంకా పరుగెడుతూనే ఉన్నారు.

ఆమెకి ముప్పై తొమ్మిదేళ్ళు. ఒకప్పుడు దేశం జట్టుకి వికెట్ల వెనక నిలబడింది. ఆ రోజుల్లో జట్టంతా ఆమెని 'రేడియో' అని పిలిచేవాళ్ళు. కీపింగ్ చేస్తున్నంతసేపూ నోరు మూతపడేది కాదు మరి. బౌలర్ని పొగిడేది, బ్యాటర్ని ఉడికించేది, ఫీల్డర్లని అదిలించేది, ఎవరూ దొరక్కపోతే మబ్బులతో మాట్లాడేది. ఒకసారి అంపైరు దగ్గరికొచ్చి, "అమ్మా, కాస్త సౌండు తగ్గించు తల్లీ, ఆలోచించుకోనివ్వు," అని బతిమాలుకున్నాడు.

తర్వాత కూతురికి జబ్బు చేసింది. రక్తానికి సంబంధించిన జబ్బు. ఒక సిరీస్ మధ్యలో ఆమె బ్యాగు సర్దుకుని వచ్చేసింది, మళ్ళీ వెళ్ళలేదు. చూపించని డాక్టరు లేడు. ఆస్పత్రి మంచం పక్క కుర్చీలోనే ఆమె ఒంటి తీరు మారిపోయింది, భుజాలు ముందుకి వంగాయి. అంత చేసినా పాప దక్కలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. ఆ రోజు నుంచి రేడియో ఆగిపోయింది. బడిలో డ్రిల్లు టీచరుగా చేరింది. నోటితో చెప్పాల్సినవి చాలావరకు విజిలే చెప్పేది.

సాయంత్రం ఆమె నేరుగా భర్త పనిచేసే కళ్ళద్దాల షాపుకి వెళ్ళింది. ముందు గదిలో గోడల నిండా ఫ్రేములు, నిలువుటద్దాలు, దీపాలు. వెనక గది ఇరుకు. అక్కడ ఆయన ఎత్తు స్టూలు మీద కూర్చుని అద్దాలు అరగదీస్తాడు. చక్రం తిరుగుతుంటే దాని మీద సన్నటి ధారగా నీళ్ళు పడుతుంటాయి, కింద పళ్ళెంలో తెల్లటి మడ్డి పేరుకుంటుంది. ఆ రొదలో మాట వినపడాలంటే చక్రం ఆపాలి. ఆయన ఆపలేదు. ఆమె చెప్పిందంతా చెవి ఇటు పెట్టి విన్నాడు.

"నీ ఇష్టం," అన్నాడు.

"నా ఇష్టం సంగతి కాదు. మీరేమంటారు?"

"నేననేదేముంది? నీ ఇష్టం."

వద్దంటే పోట్లాడేది, వెళ్ళమంటే ఊపిరి పీల్చుకునేది. రెండూ కాని ఈ మాటతో ఏం చెయ్యాలో తెలియక ఆమె కాసేపు ఆ తెల్లటి మడ్డిని చూస్తూ నిలబడి ఇంటికొచ్చేసింది.

విషయం తేల్చింది అత్తగారే. పాప పోయాక ఆవిడకి నోరు మరింత పదునెక్కింది. "వెళ్ళవే అమ్మాయ్. ఇంట్లో ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గడియారంలో ముళ్ళలా తిరుగుతున్నాం. ఒక ముల్లయినా బయటపడనీ," అంది. తర్వాత గొంతు తగ్గించి, "నా కొడుకు సంగతి నేను చూసుకుంటాలే," అని కూడా అంది.

శిక్షణ శిబిరంలో మొదటి రోజు బంతులు అరచేతుల్లో నిప్పుల్లా పడ్డాయి. గ్లవ్స్ విప్పితే వేళ్ళు పూరీల్లా ఉబ్బి ఉన్నాయని జట్టు డాక్టరు తల పట్టుకుంది. నొప్పి ఆమెకి పాత చుట్టమే. ఓర్చుకోలేకపోయింది వేరొకటి. భోజనాల గదిలోకి ఆమె అడుగుపెట్టగానే నవ్వులు టక్కున ఆగిపోయేవి. ఇరవై ఏళ్ళ పిల్లలు కుర్చీలు లాగి ఇచ్చేవాళ్ళు, గొంతులు తగ్గించేవాళ్ళు. ఆమె పళ్ళెం ముందు ఎవరో సంతాపసభ పెట్టినట్టుండేది. ఒకరోజు ఉండబట్టలేక, "ఏమ్మా, నేనొచ్చేముందు దేనికో నవ్వుతున్నారు. నాకూ చెప్పొచ్చుగా," అంది. ఆ అమ్మాయిలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకమ్మాయి పెరుగు గిన్నె ఆమె ముందుకి జరిపింది.

ఇది చాలదన్నట్టు టీవీవాళ్ళు ఒక కథ అల్లారు. తెర మీద ఒక పక్క ఆమె గ్లవ్స్ తొడుక్కుంటూ, ఇంకో పక్క పాప ఫోటో. కింద పెద్ద అక్షరాలతో 'కూతురి కల కోసం తల్లి పోరాటం'. ఆ ఫోటో ఎక్కడ సంపాదించారో! హోటల్ గదిలో అది చూసి ఆమె రిమోట్ మంచం మీదికి విసిరేసింది. పాపకి క్రికెట్ అంటే అసలు పడేది కాదు. టీవీలో మ్యాచ్ పెడితే, "మళ్ళీ అదేనా? వాళ్ళు ఎప్పుడూ నిలబడే ఉంటారు!" అని మూతి తిప్పుకుని పక్క గదిలోకి పోయేది. దానికి బొమ్మల పుస్తకాలు, రంగులు, నాన్న షాపులోంచి తెచ్చిన అద్దాల్లేని ఫ్రేములు కావాలి. అవి పెట్టుకుని ఇంటిల్లిపాదికీ కళ్ళు పరీక్షించేది.

మొదటి మ్యాచ్ ఘోరంగా పోయింది. ప్రతి బంతికీ పాపే కళ్ళముందు ఉంది. స్టేడియంలో ఎవరో పాప ఫోటో పెద్దది చేసి అట్టకి అంటించి పైకెత్తి పట్టుకున్నారు. అది కనపడ్డాక చూపు మళ్ళీ మళ్ళీ అటే పోయింది. బ్యాటర్ క్రీజు దాటి బయటికొచ్చింది, బంతి తప్పింది, తేలిగ్గా స్టంపింగ్ చెయ్యాల్సింది. గ్లవ్స్ బంతి మీద మూసుకోలేదు. తర్వాత ఒకటి కాళ్ళ మధ్య నుంచి బౌండరీకి పోయింది. జట్టు ఓడిపోయింది. పొద్దున పేపర్లో ఒకాయన, జాలి ఉండాల్సిన చోట ఉంటే మంచిదే, జట్టులో మాత్రం ఉండకూడదు అని రాశాడు.

"నిజమే రాశాడు," అంది ఆమె కెప్టెన్‌తో.

"నేను జాలిపడి పిలవలేదక్కా," అంది కెప్టెన్. "ఒకప్పుడు నేను కొత్తగా వచ్చినప్పుడు భయంతో వాంతి చేసుకున్నాను. నువ్వు వెనక నుంచి ఏవేవో వాగుతూ నా చేత పది ఓవర్లు వేయించావు. ఆ మనిషి కోసం పిలిచాను. రేపు కూడా నువ్వే ఆడుతున్నావు. ఈసారి కూడా తేడా వస్తే ఇద్దరం కలిసే ఇంటికి పోదాం."

రెండో మ్యాచ్‌లో ఒక కొత్త లెగ్ స్పిన్నర్‌ని దింపారు. సన్నగా, పొడుగ్గా, గాలేస్తే ఎగిరిపోయేలా ఉండే పిల్ల. మొదటి ఓవర్లోనే రెండు సిక్సర్లు కొట్టించుకుంది. కళ్ళు చెమ్మగిల్లాయి, బంతిని రెండు చేతులతో నలిపేస్తోంది. కెప్టెన్ దూరంగా ఉంది. ఆ పిల్ల మొహం చూస్తే ఎవరో ఒకరు ఏదో ఒకటి అనకపోతే అక్కడే కూలబడిపోయేట్టుంది. ఆమె వికెట్ల వెనక నుంచి నడుచుకుంటూ వెళ్ళింది.

"ఆ బంతి నీకేం అన్యాయం చేసింది, అలా పిసుకుతున్నావు?"

పిల్ల బిత్తరపోయి చూసింది.

"ఆవిడ కొట్టిన రెండోది చూశావా? కళ్ళు మూసుకుని ఊపింది. నేను వెనక నుంచి చూశాగా. మళ్ళీ అక్కడే వెయ్. ఇంకొంచెం పైకి వదులు. ఈసారి కళ్ళు తెరుస్తుంది, చిక్కంతా అప్పుడే."

వెనక్కొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. బంతి పైకి లేచింది, ముందుకి రమ్మని ఊరిస్తూ కిందికి దిగింది, తిరిగింది. బ్యాటర్ అడుగు బయటపెట్టింది. ఆమె చేతులు వాటి పని అవి చేశాయి. బెయిల్స్ ఎగిరాక గానీ తను స్టంపింగ్ చేసిన సంగతి ఆమెకే తెలియలేదు.

"అద్గదీ! చెప్పానా, కళ్ళు తెరుస్తుందని!" అని అరిచింది.

అక్కడి నుంచి నోరు ఆగలేదు. "పాయింట్‌లో ఉన్నమ్మా, నిద్రొస్తే దుప్పటి పంపించనా?" అంది. వచ్చిన కొత్త బ్యాటర్‌తో, "బ్యాటు బాగుంది తల్లీ, కొత్తదా? ఇవాళ దానికి పెద్ద పనేం పడదులే," అంది. స్లిప్‌లో ఉన్న అమ్మాయి నవ్వాపుకోలేక కడుపు పట్టుకుంది. లెగ్ స్పిన్నర్ పిల్ల మరో మూడు వికెట్లు తీసింది. ఒక్కో బంతి చేతి నుంచి వదలకముందే అది ఎటు తిరుగుతుందో మణికట్టు చూసి ఆమెకి తెలిసిపోతోంది. ఎండ, చెమట, మోకాళ్ళు, జనం రొద, అన్నీ ఉన్నా అన్నీ ఎక్కడో ఉన్నాయి. బంతి ఒక్కటే దగ్గరగా ఉంది.

అవతలి జట్టు ఆలౌటయింది. అందరూ ఆమె వీపు మీద చరుస్తూ, "రేడియో మళ్ళీ మోగుతోందిరోయ్!" అని గోల చేస్తూ లోపలికి నడిచారు. డ్రెస్సింగ్ రూములో బల్ల మీద కూర్చుని గ్లవ్స్ లాగింది. కుడిచేతి ఉంగరం వేలు మళ్ళీ పక్కకి తిరిగింది. దాన్ని చూసి మనసులో చటుక్కున, దీన్ని పాపకి చూపించాలి అనుకుంది. ఆ వంకర వేళ్ళంటే పాపకి ఎంత సరదానో. ఒక్కొక్కటే పట్టుకుని, "ఇది ఎవరు కొట్టారు? ఇది ఎవరు?" అని అడిగేది.

అప్పుడు గుర్తొచ్చింది. పాప లేదు. అంతకన్నా ముందు, ఇంతసేపూ పాప లేదన్న సంగతి గుర్తే లేదు. ఒక పూటంతా. స్టాండ్‌లో ఆ ఫోటో ఇవాళ కూడా ఉందో లేదో కూడా చూడలేదు.

బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. కొళాయి తిప్పింది. పాప పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆ రోజు చెయ్యాల్సిన పనులుండేవి, సంతకాలుండేవి, పట్టుకోవాల్సిన మనుషులుండేవాళ్ళు. ఇప్పుడు కొళాయి చప్పుడు తప్ప ఏం లేదు. కెప్టెన్ వచ్చి తలుపు కొట్టింది. "వస్తున్నా," అని మొహం కడుక్కుని ప్యాడ్లు కట్టుకుంది. చివర్లో బ్యాటింగ్‌కి దిగి, గెలుపుకి కావాల్సిన పరుగులు తలా కాస్తా కొట్టి బయటపడేశారు ఆమే, ఆ లెగ్ స్పిన్నర్ పిల్లా.

మ్యాచ్ అయ్యాక మైకు పట్టుకున్న వ్యాఖ్యాత కళ్ళు అప్పటికే తడిచేసుకుని సిద్ధంగా ఉంది. "ఇవాళ మైదానంలో ప్రతి క్షణం పాప మీతోనే ఉండి ఉంటుంది. తన కల నెరవేర్చారు. ఈ గెలుపు తనకేనా అంకితం?"

అవునంటే సరిపోయేది. తల ఊపినా సరిపోయేది. కానీ కొళాయి దగ్గర నిలబడి వచ్చిన మనిషికి ఆ అబద్ధం గొంతు దాటలేదు.

"దానికి క్రికెట్ అంటే పడదండీ," అంది. "కలా లేదు ఏం లేదు. ఇవాళ అది నాతో లేదు. ఫీల్డింగ్ చేసినంతసేపూ నాకు పాప గుర్తు రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. పోయాక ఇదే మొదటిసారి."

వ్యాఖ్యాత కెమెరా వైపు ఓసారి చూసింది. మైకు కిందికి దించేసింది.

చీకటి పడకముందే ఊరూ వాడా ఆ మాట పాకింది. నిజం చెప్పిందన్నవాళ్ళు కొందరు. ఎక్కువమంది మాత్రం ఇదేం తల్లి, రాతిగుండె అన్నారు. అవేవీ ఆమె చెవిన వేసుకోలేదు. భర్తకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. చివరికి అత్తగారు ఎత్తింది.

"ఆయనేరి అత్తయ్యా?"

"గదిలో ఉన్నాడు. టీవీ కట్టేసి వెళ్ళి పడుకున్నాడు."

"నేనన్నది..."

"నువ్వన్నది నిజమే అయ్యుంటుంది. అబద్ధం ఆడే మనిషివి కాదని నాకు తెలియదా? కానీ అది ముందు వాడి చెవిలో చెప్పాల్సింది తల్లీ. మైకులో చెప్పావు." ఆవిడే మళ్ళీ అందుకుంది. "ఆ స్టంపింగ్ మాత్రం బాగా చేశావు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. కొట్టి, మళ్ళీ సిగ్గేసి కూర్చున్నాను."

మూడో మ్యాచ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బాగానే ఆడింది, జట్టు గెలిచింది, మధ్యలో రెండుసార్లు మర్చిపోయింది, రెండుసార్లూ గుర్తొచ్చింది. కీపరమ్మాయి వేలు అతుక్కుంది. కెప్టెన్ కౌగిలించుకుని, "ఇంక నీ మోకాళ్ళని పీడించనులే అక్కా," అంది. అంతటితో ఆమె ఆట అయిపోయింది, ఈసారి నిజంగానే.

ఇంటికొస్తే భర్త బ్యాగు అందుకున్నాడు, మంచినీళ్ళిచ్చాడు, వేలెలా ఉందని అడిగాడు. అన్నీ చేశాడు గానీ కళ్ళెత్తి చూడలేదు. వారం అలాగే గడిచింది. ఒక మధ్యాహ్నం ఆమె బడి నుంచి త్వరగా బయటపడి షాపు వెనక గదికి వెళ్ళింది. చెయ్యి చాచి చక్రం స్విచ్చి తనే కట్టేసింది. చక్రం మెల్లగా తిరిగి తిరిగి ఆగింది.

"తిట్టండి," అంది. "రాయి అనండి. బయటివాళ్ళంతా అన్నారు, మీరొక్కరే మిగిలారు."

ఆయన తడిచేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"నువ్వు మర్చిపోయావని కాదు నా కోపం," అన్నాడు. "ఇక్కడ కూర్చుని చూడు ఒకసారి. అద్దం చక్రానికి ఆనించాక ఇంక అంతా చేతులే చూసుకుంటాయి. ఇన్నేళ్ళ పని కదా, బుర్రతో అవసరం లేదు. బుర్ర ఏం చేస్తుంది? ఆస్పత్రికి పోతుంది. పొద్దున షాపు తీసినప్పుడు పోతే మూసినప్పుడు వస్తుంది. అదే మంచం, అదే సెలైన్ సీసా, అదే నర్సు. ఇద్దరం అక్కడే ఉన్నామనుకున్నాను. నువ్వు కూడా బడిలో విజిలు ఊదుతూ అక్కడే ఉన్నావనుకున్నాను. ఆ రోజు టీవీలో చూస్తే నువ్వక్కడ లేవు. నన్నొక్కణ్ణే ఆ వార్డులో వదిలేసి బయటికెళ్ళిపోయినట్టుంది."

ఆమె గోడకి ఆనుకుంది. ముందుగదిలో ఎవరో ఫ్రేము పెట్టుకుని, "ఇది నాకు నప్పిందా?" అని అడుగుతున్నారు.

"ఎలా ఉంటుంది?" అన్నాడు ఆయన, తల వంచుకునే.

"ఏది?"

"గుర్తు లేకపోవడం."

ఆమె ఆలోచించింది. "ఆ సేపు ఏమీ తెలీదు. బంతి ఉంటుంది, అంతే. హాయిగా ఉందని కూడా తెలీదు. తర్వాత గుర్తొస్తుంది చూడండి, అది మాత్రం చాలా ఘోరంగా ఉంటుంది. మళ్ళీ కొత్తగా పోయినట్టు ఉంటుంది."

"అయినా మళ్ళీ కావాలనిపిస్తుందా?"

"అనిపిస్తుంది," అంది ఆమె, ఏడుస్తూ. "ఏం చెయ్యను, అనిపిస్తుంది."

ఆయన మళ్ళీ చక్రం వెయ్యలేదు. తనకి ఒంట్లో బాగాలేదని షాపు యజమానికి చెప్పి ఆమెతో పాటు ఇంటికి నడిచాడు. ఇంటి మలుపు దగ్గర, "నాకు బంతి పట్టుకోవడం కూడా రాదు," అన్నాడు, ఎవరో అడిగినట్టు.

ఆదివారం పొద్దున బడి ఆటస్థలం ఖాళీగా ఉంటుంది. ఆమె తన పాత గ్లవ్స్ ఆయనకి తొడిగింది. పెద్ద చేతులు, సగం దాకా దూరి ఆగిపోయాయి. గోడ ముందు నిలబెట్టి, కాస్త దూరం నుంచి బంతి విసిరింది. మొదటిది ఛాతీకి తగిలింది. రెండోది గ్లవ్ అంచుకి తగిలి పొదల్లోకి పోయింది. ఆయన వెతుక్కుని తెచ్చాడు.

"బంతిని చూడండి, నన్ను కాదు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నా మొహంలో కొత్తగా చూసేదేముంది?"

"నువ్వు గట్టిగా విసురుతున్నావు."

"ఇది గట్టా? అత్తయ్య ఇంతకన్నా గట్టిగా చెప్పులు విసురుతారు. కూర్చోండి. ఇంకా కిందికి. మీ మోకాళ్ళకేం వచ్చింది, అవి నావి కాదుగా!"

మరోటి, ఇంకోటి. ఆయన ఒంగుతూ, లేస్తూ, వగరుస్తూ బంతుల వెనక పడ్డాడు. చొక్కా తడిసిపోయింది. ఆమె తప్పులు ఎంచుతూనే ఉంది, ఆయన ఎదురు చెబుతూనే ఉన్నాడు. ఎండ గోడ దిగి నేల మీదికొచ్చింది. ఒక బంతి ఎడమవైపు దూరంగా వెళ్ళింది. ఆయన దానికోసం పూర్తిగా పక్కకి పడి, మోచెయ్యి గీసుకుపోతున్నా పట్టించుకోకుండా, ఒక్క చేత్తో అందుకున్నాడు. నేల మీద పడుకునే బంతి పైకెత్తి చూపించాడు. నవ్వుతున్నాడు. ఎన్నాళ్ళకి చూసిందో ఆమె ఆ పళ్ళవరస.

"పట్టాను! చూశావా, పట్టాను!"

లేచి కూర్చున్నాడు. బట్టలకంటిన మట్టి దులుపుకోబోయి ఆగిపోయాడు. మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి. ఆమెకి అర్థమయింది. బంతులు వదిలేసి పరుగున వెళ్ళి పక్కన చతికిలబడింది.

"ఎంతసేపయింది?" అని అడిగాడు.

"ఏమో. కాసేపే."

"రాలేదు. అసలు గుర్తు రాలేదు. పాపం, అది..." గ్లవ్స్ విప్పకుండానే మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పాప పోయాక ఆయన ఏడవగా ఆమె చూడడం అదే మొదటిసారి. ఆమె ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఊరుకోమనలేదు. చాలాసేపటికి, "నాకూ అలాగే అయింది," అంది.

తర్వాత ఆదివారం కూడా వెళ్ళారు. ఆ తర్వాత కూడా. కొన్నిసార్లు ఆటలో పడేవాళ్ళు. కొన్నిసార్లు ఎంత విసిరినా మనసు పాప దగ్గరి నుంచి కదిలేది కాదు. అలాంటి రోజు బంతి పక్కన పెట్టి, గోడకి ఆనుకుని, పాప చేసిన అల్లరి ఒకరికొకరు చెప్పుకుని ఇంటికొచ్చేవాళ్ళు.